హద్దురాయి ఎక్కడ?

మా బాబాయి మండల సర్వేయరుగా రిటైరయ్యాడు. గొలుసు ఆఫీసులో అప్పజెప్పాడు గానీ, కొలిచే జబ్బు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. శంషాబాద్ నుంచి గన్నవరం గాల్లో సుమారు 265 కిలోమీటర్లని నేను ఫోన్లో చూసి చెబితే, "ఎక్కణ్ణుంచి ఎక్కడికిరా? హద్దురాయి ఎక్కడ పాతారు?" అని నిలదీశాడు.

నిజానికి అలాంటి రాయి ఒకటుంది, కాగితం మీద. ప్రతి విమానాశ్రయానికీ అక్షాంశ రేఖాంశాలతో ఒక బిందువు ఖాయం చేస్తారు. మామూలుగా అది ఆవరణ నడిమధ్యలో, రన్‌వేల దగ్గరెక్కడో పడుతుంది. ఈ బిందువుకూ ఆ బిందువుకూ మధ్య ఉన్నదే దూరం.

"అంటే ప్రయాణికుడెవడూ కాలు పెట్టని చోటి నుంచి కాలు పెట్టని చోటికన్నమాట," అన్నాడు బాబాయి. కాసేపాగి, "మా పొలం కొలతల పుస్తకాలు, ఆ ఎఫ్‌ఎంబీల కంటే నయమేలే," అని సర్టిఫికెట్టూ ఇచ్చాడు.

మరి గంటకు 500 కిలోమీటర్లు పోగల ఏటీఆర్ విమానానికి ఈ దూరానికి గంట ఎందుకు? టికెట్టు మీద వేసేది గాల్లో ఉన్నంతసేపు కాదు. చక్రాల దగ్గర అడ్డుపెట్టిన దిమ్మలు తీసి విమానం కదిలినప్పటి నుంచి, అవతల ఆగి మళ్లీ దిమ్మలు పెట్టేదాకా. రన్‌వే ముందు వరసలో నిలబడ్డమూ, దిగే వంతు కోసం చుట్లు కొట్టడమూ అందులోకే వస్తాయి. పైన ఇంకో పది నిమిషాలు కలుపుకుంటారు: మూడొందల మందికి పిలుపులు వెళితే నాలుగొందలకు వండించే పెళ్లిపెద్ద లెక్క. పది నిమిషాలు ముందు దిగామని మనమూ పొంగిపోతాం.

కూతురు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంది కాబట్టి బాబాయి అట్లాసు మీద స్కేలు పెట్టి, ఢిల్లీ నుంచి అట్లాంటిక్ మీదుగా ఓ గీత గీశాడు. మనవడి గ్లోబు తెచ్చి దారం లాగి చూపించాను. దారం ఉత్తరధ్రువం వైపు ఎగబాకింది. దాదాపు 12,400 కిలోమీటర్లు. ఆయన గీతను రబ్బరుతో చెరిపేశాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. 2016లో ఎయిరిండియా ఇదే ప్రయాణానికి అట్లాంటిక్ దారి వదిలి పసిఫిక్ దారి పట్టిందని చెప్పాను. 13,900 కాస్తా 15,300 అయింది, అయినా తొందరగా చేరింది. విమానాలు ఎగిరే ఎత్తున గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది మరి. ఎదురీదడం మాని వాలుకు పోయారు.

"1,400 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి ముందు చేరారా? ఇదే నా సర్వీసులో రాసుంటే సస్పెండు చేసేవాళ్లు!"

వంటింట్లోంచి పిన్ని వచ్చింది. "ఇంతకీ ఎన్నింటికి లేస్తుందిరా, ఎన్నింటికి దిగుతుంది?"

పద్నాలుగున్నర గంటల ప్రయాణం, వేసవిలో వాళ్ల గడియారం మనకంటే పన్నెండున్నర గంటలు వెనక. తెల్లవారుజామున నాలుక్కి లేస్తే అక్కడ అదే రోజు ఉదయం ఆరింటికి దిగినట్టు. అదే చెప్పాను.

"రెండు గంటలేగా! అయితే పులిహోర కట్టిస్తాను, పాడవదు."

బాబాయి నావైపు చూశాడు. నేను గ్లోబు వైపు చూశాను. పిన్ని చింతపండు నానబెట్టడానికి వెళ్లిపోయింది.