పొగకుఁ గాగితంబు: ఒక శివ్వంపేట వ్యాఖ్య

మూలం

బండి కొన్నవాఁడు బందీయె యాఫీసు
గడపకాడ; పొగకుఁ గాగితంబు;
పట్నమందు లారి పగలు రాఁదగదయ్య;
తెలిసి మెదకువారు తిరుగవలయు.

అవతారిక

ఈ ఆటవెలది ఏ తాళపత్రంలోనూ దొరకదు. శివ్వంపేటలో ఒక ట్రాక్టరు ట్రాలీ వెనక రాయించాలని ఈ వ్యాఖ్యాతే కట్టాడు. ఇంజనుకొక నంబరు, ట్రాలీకొక నంబరు, దాని మీద అమ్మవారి పేరు, కింద ఇద్దరు పిల్లల పేర్లు రాశాక పద్యానికి జాగా లేదన్నాడు ఓనరు. పద్యం మిగిలిపోయింది కనుక వ్యాఖ్య.

మెదక్ జిల్లాలో ఉండి టీకా రాయబోయేవాడు ముందు కొల్చారం దిక్కు తిరిగి దండం పెట్టాలి. శివ్వంపేట నుంచి నర్సాపూర్ మీదుగా మెదక్ పోతుంటే ఆ మండలం దాటే పోవాలి. మల్లినాథసూరి ఇంటిపేరు కోలాచలం ఆ ఊరిదే. కాళిదాసుకు సంజీవని, మాఘుడికి సర్వంకష, భారవికి ఘంటాపథం రాసిన మనిషి. మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ముందే ఒట్టు పెట్టుకుని మరీ కలం పట్టాడు. మొదటి ఒట్టు నేనూ పెట్టుకోగలను. రెండోది పెట్టుకుంటే 1988 మోటారు వాహనాల చట్టం మీద నాలుగు ముక్కలు కూడా రాయలేం.

ప్రతిపదార్థం

బండి = టీవీఎస్ మోపెడ్ మొదలు పన్నెండు చక్రాల టిప్పరు దాకా ఏదైనా; కొన్నవాఁడు = షోరూములో స్వీటు బాక్సు అందుకుని ఫోటో దిగినవాడు; ఆఫీసు గడపకాడ = ఆర్టీఏ ఆఫీసు ముందట; బందీయె = చిక్కినవాడే; పొగకున్ = సైలెన్సరులోంచి వచ్చేదానికి; కాగితంబు = పొల్యూషన్ సర్టిఫికెట్టు; పట్నమందు = హైదరాబాదులో (మెదక్ సీమలో పట్నమంటే ఇంకో ఊరు లేదు); లారి = లారీ, ఛందస్సు కోసం కురచైంది, అసలు లారీ అట్లా కురచ కాదు; పగలు = జనం తిరిగే వేళ; రాఁదగదు = రావొద్దు; అయ్య = పాదపూరణం, కానిస్టేబులును పిలిచే మాట కూడా; తెలిసి = ఇవన్నీ ఎరిగి; మెదకువారు = ఈ జిల్లా జనం; తిరుగవలయు = తిరగాలి.

తాత్పర్యం

బండికి నంబరుండాలి, పొగకు సర్టిఫికెట్టుండాలి, లారీకి వేళాపాళా ఉండాలి.

విశేషాలు

బండి, బందీ అనే మాటల మధ్య ఉన్నది ఒక్క అక్షరం తేడా. వృత్త్యనుప్రాస అంటారు ఆలంకారికులు. స్వభావోక్తి అంటారు టీఆర్ (తాత్కాలిక) నంబరు మీద తిరుగుతున్నవాళ్లు.

ఇక్కడ పాఠభేదాలు చూడాలి. శివ్వంపేటలో కాస్త పాతకాలపు కుటుంబమైతే ఒకే ఇంటి ముందు నాలుగు పాఠాలు కనబడతాయి. ట్రాక్టరు మీద ఏపీ 23, ఉమ్మడి రాష్ట్రంలో మెదక్ జిల్లా పాఠం. పెద్దకొడుకు మోటారు సైకిలు మీద టీఎస్ 15. అది 2014లో తెలంగాణ వచ్చాక, జిల్లా కేంద్రం ఇంకా సంగారెడ్డిలో ఉన్నప్పటి పాఠం. ఆటో మీద టీఎస్ 35. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు పుట్టి, 15 సంగారెడ్డికి పోయి, మెదక్‌కు వేరే అంకె దక్కింది. కోడలి స్కూటీ మీద టీజీ 35, 2024 మార్చి తర్వాతిది. ఇల్లు ఇంచు కదలలేదు, ఊరు పేరు మారలేదు. నంబరు పలక మాత్రం పదేళ్లలో మూడుసార్లు వలస పోయి తిరిగొచ్చింది. ఇందులో ఏది అపపాఠం? ఏదీ కాదు, నాలుగూ చెల్లుతాయి. పాత నంబర్లు మార్చుకోనక్కరలేదని సర్కారే చెప్పింది. సొంత బండికి ఆర్సీ పదిహేనేళ్లు. ఆ పైన ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆ లెక్కన 2014 వేసవిలో రాసుకున్న ఆఖరి ఏపీ 23 మోటారు సైకిలుకు 2029 దాకా ఢోకా లేదు. రాష్ట్రం విడిపోయినా సైకిలు మోటారు ఉమ్మడిగానే నడుస్తోంది.

మల్లినాథుడు భారవి మాటను కొబ్బరికాయతో పోల్చాడు, పైన పెంకు లోపల రసం అని. రిజిస్ట్రేషన్ నిబంధనలదీ అదే పాకం. కాకపోతే ఆఫీసు ఎదుటి జిరాక్సు షాపులో కాయ కొట్టిపెట్టే వ్యాఖ్యాత ఒకాయన ఉంటాడు, నీళ్లు ఆయన తాగి చిప్ప మన చేతికిస్తాడు. మూలంలో లేని ఫారం ఒకటి, అక్కరలేని ఫీజు ఒకటి ఆయన టీకాలో తప్పకుండా ఉంటాయి. అన్నీ ఆన్‌లైన్ అయ్యాయి కదా అని ఆక్షేపించేవారున్నారు. స్లాటు బుక్ చేసేదీ ఆయనే.

ఇక 'పొగకుఁ గాగితంబు'. ఇది పద్యానికి ప్రాణం. పూర్వపక్షి అంటాడు: 'కు' వచ్చింది కదా, పొగ కోసం కాగితం అని చతుర్థి అర్థం చెప్పరాదా? చెప్పరాదు. తెలుగు వ్యాకరణంలో కిన్, కున్ షష్ఠికి చేరినవి. పొగకూ కాగితానికీ ఉన్నది సంబంధం మాత్రమే. కాగితం వల్ల పొగకు ఒనగూడేది గానీ, ఒరిగేది గానీ ఏమీ లేదు.

ప్రమాణం: కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 115వ నియమం. బండి రిజిస్టరై ఏడాది దాటితే సర్టిఫికెట్టు దగ్గరుండాలి. పాత బండికి అది ఆరు నెలలు చెల్లుతుంది, బీఎస్ 4 (భారత్ స్టేజ్ పొగ ప్రమాణం), ఆ పై బండ్లకు ఏడాది. అది లేక దొరికిపోతే 2019 సవరణ ప్రకారం మూడు నెలల జైలు దాకా, పదివేల జరిమానా దాకా చట్టంలో ఉంది. ఇదివరకు మొదటి తప్పుకు వెయ్యి రూపాయలే.

ప్రయోగం: పెట్రోలు బంకులో గాలి పెట్టే చోటు పక్కన ఒక వ్యాను నిలబడి ఉంటుంది. లోపల ఒక ల్యాప్‌టాప్, దాని మీద దుమ్ము. కుర్రాడు సన్నటి ఇనుప గొట్టం సైలెన్సరులో దోపి, నంబరు పలకకు ఫోటో తీస్తాడు. మోటారు సైకిలు న్యూట్రల్‌లో గుడుగుడుమంటుంటుంది. 2000 తర్వాతిది, బీఎస్ 6కు ముందటిది అయిన బైకైతే కార్బన్ మోనాక్సైడు మూడున్నర శాతం మించకూడదు. డీజిలు బండికి వేరే విధి: న్యూట్రల్‌లోనే ఎక్సలేటరు అడుగంటా తొక్కాలి, వచ్చిన నల్లపొగలోంచి వెలుతురు ఎంత దూరి రాగలదో మిషను కొలుస్తుంది. పాత డీజిలుకు 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్ల దాకా క్షమాపణ ఉంది, బీఎస్ 4కు 50. చూడండి, ఖాళీ బండి, కదలని బండి, మంచి ముహూర్తం. అదే బండి అరవై బస్తాల వడ్లేసుకుని గడ్డ ఎక్కేటప్పుడు వదిలే పొగ ఏ కాగితంలోకీ ఎక్కదు. నియమం రాసినవారికిది తెలియదని కాదు, గడ్డ మీదికి వ్యాను ఎక్కదు.

మూడో పాదానికి మూలం చట్టంలో 115వ సెక్షను (అదీ నూటపదిహేనే, కాకతాళీయం). ఫలానా రోడ్డు మీదికి ఫలానా బండి ఫలానా వేళ రాకూడదని ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించవచ్చు. నెలకు మించని కట్టడికి గెజిట్ కూడా అక్కరలేదు, ఊళ్లో తెలియజేస్తే చాలు. అంటే దండోరా చట్టసమ్మతమే. పట్నంలో పగటి కట్టడి వల్లే తూప్రాన్ దగ్గర 44వ నంబరు హైవే పక్కన దాబాల ముందు లారీలు బారులు తీరి పొద్దు గూకడం కోసం కాచుకుంటాయి. లోడు పరిమితి దాటితే 20 వేలు, ఆ పైన టన్నుకు 2 వేలు. ఈ లెక్క డ్రైవర్లకు కంఠోపాఠం.

హైవేను తప్పించుకున్న టిప్పర్లు నర్సాపూర్ - తూప్రాన్ రోడ్డు పట్టి శివ్వంపేట మీదుగా పోతే వాటికి వేళ లేదు, స్కూలు విడిచే సమయమని కూడా లేదు. పట్నం పగలును కాపాడుకుంటే పల్లె దానికి పొగ కట్టింది. ఘంటాపథమంటే ఏనుగులు గంటలు మోగించుకుంటూ పోయేంత వెడల్పు రాజమార్గం. అట్లాంటిది ఇప్పుడు నిజంగానే రాబోతోంది. సంగారెడ్డి నుంచి నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా రీజినల్ రింగు రోడ్డు, ఈ మండలం భూముల్లోంచే. గంటల బదులు ఎయిర్ హారన్లు. అవుటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్ల మీద మోటారు సైకిలుకు, ఆటోకు ప్రవేశం లేదు. కొత్తదానికీ అదే నియమం పెడితే పొలమిచ్చిన రైతు తన స్కూటరు మీద దాని కింది సొరంగంలోంచే పోవాలి.

నాలుగో పాదం విషయంలో చిన్న పేచీ ఉంది. బస్టాండు హోటల్లో ఈ పద్యం చదివి వినిపిస్తే చాయ్ తాగుతున్న లారీ డ్రైవరొకడు పాఠం సవరించాడు: 'తెలియకున్నవారు తిరుగవలయు.' గణాలు సరిపోయాయి, యతి చెల్లింది. అర్థం మాత్రం బండి మీదినుంచి దిగి ఆఫీసు చుట్టూ నడవసాగింది. మూలకర్తను నేనే కనుక నా పాఠమే పైన ఉంచాను. కూర్చున్నవాళ్లలో ఒక్కడూ నా పక్షం రాలేదు.