లైన్ క్లియరేనా, బామ్మర్దీ?

వాన లేని రోజున గొడుగు, తెల్లవారాక కూడా టార్చిలైటు, మెడలో విజిలు, లాల్చీ జేబులో బిస్కెట్ పొట్లం, చంకలో తెల్లటి బొచ్చుకుక్క. హనుమకొండలో సుబేదారి నుంచి నక్కలగుట్ట దాకా ఏ గల్లీలోనైనా పొద్దున్నే ఈ సరంజామాతో ఒక పెద్దమనిషి ఎదురైతే ఆయన మా బావ కావచ్చు. కాకపోతే మా బావ లాంటి మరో బావ. ఈ జాతి మన ఊళ్లో బాగా పెరిగింది. పిల్లలు బెంగళూరుకో డల్లాస్‌కో పోతూ పోతూ "మీకు తోడుంటది" అని ఓ చిన్న కుక్కను ఒళ్లో పెట్టి పోతారు. నెల తిరిగేసరికి ఎవరికి ఎవరు తోడో తేలిపోతుంది.

వీళ్లకు కుక్కలంటే ప్రేమ అనుకునేరు. ఒకే ఒక్క కుక్కంటే ప్రేమ. మిగతా కుక్కజాతి మొత్తం దాని ప్రాణం మీదికి వస్తోందని గట్టి నమ్మకం.

మా బావ కాజీపేటలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాడు. 2022 జనవరిలో రైల్వే వాళ్లు గార్డు అన్న పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అని పెట్టారు. అప్పటికే పెన్షన్ తీసుకుంటున్న మనిషి, ఆ ఉత్తర్వు తనకూ వర్తిస్తుందని తీర్మానించి గేటు మీద నేమ్‌ప్లేటు మార్పించాడు. ఉద్యోగమంతా బండి చిట్టచివరి డబ్బాలో కూర్చొని వెనక్కి చూడటమే పని కాబట్టి, ఇప్పటికీ ముందుకు నడుస్తూ వెనక్కే చూస్తాడు. కరెంటు స్తంభాలకు రెండుసార్లు తగిలాడు. దారి మధ్యలో బండి ఆగిపోతే గార్డు దిగి వెనక్కి నడిచి, 600 మీటర్ల దగ్గర ఒక డిటొనేటరు, 1200 మీటర్ల దగ్గర మూడు డిటొనేటర్లు పట్టాల మీద పెట్టాలి. వెనకొచ్చే బండి వాటి మీదికెక్కితే ఢాం అంటాయి, డ్రైవరు ఆపుతాడు. "గవి నాలుగు నా చేతిల ఉంటే ఈ గల్లీలో ఒక్క కుక్క మిగలకపోవు" అని ఇప్పటికీ నిట్టూరుస్తాడు. సర్కారు సొమ్ము సర్కారుకే అప్పజెప్పి వచ్చాడు కాబట్టి మా కాలనీ బతికిపోయింది.

ఇక ఆ చంకలో కుక్క, లడ్డు. ఎనిమిది కిలోలుంటుంది. అందులో రెండు కిలోలు బొచ్చు, ఒక కిలో మా అక్క చేసే నెయ్యన్నం, మిగతాది పొగరు. "పక్కా పామేరియన్, జర్మనీ సైడ్ జాతి" అని బావ చుట్టాలందరికీ చెప్పుకున్నాడు. పశువుల డాక్టరు ఓ రోజు చల్లగా అసలు సంగతి బయటపెట్టాడు: మన దగ్గర పామేరియన్ అని పిలుచుకునేవాటిలో చాలామటుకు ఇండియన్ స్పిట్జ్‌లేనట. ఇంగ్లీషు దొరలు ఇక్కడి ఎండకు తట్టుకునేలా ఇక్కడే పెంచుకున్న రకమట. 1994లో వచ్చిన 'హమ్ ఆప్కే హై కౌన్'లో క్రికెట్ అంపైరింగ్ చేసిన టఫీ కూడా అదేనట. బావ ఆ డాక్టరు దగ్గరికి పోవడం మానేద్దామనుకున్నాడు గానీ, టఫీ పేరు విన్నాక ఆగిపోయాడు. ఇప్పుడు "పామేరియన్" పోయి "సల్మాన్ ఖాన్ సినిమాల కుక్క" వచ్చింది.

మా అక్క బాధ వేరు. "పెండ్లయిన కాడికెల్లి ఒక్కనాడన్న నా చెయ్యి వట్టుకొని రోడ్డు దాటిచ్చిండారా మీ బావ? గా కుక్కను సూడు, చంకదిగనిస్తలేడు." ఈ మాట ఆమె నాకు చెప్పదు. నాకు చెప్తున్నట్టుగా వంటింట్లోంచి ఆయనకు చెప్తుంది. ఆయనకు వినబడదు. గార్డు డబ్బాలో పనిచేసిన చెవులు కదా అంటాడు. లడ్డు గుర్రుమంటే మాత్రం మేడ మీదున్నా వినబడుతుంది.

నా కష్టం పొద్దున ఐదున్నరకు ఫోను రూపంలో వస్తుంది. మా ఇల్లు ఆయన గల్లీ మూల మీద, రెండో అంతస్తు. బాల్కనీలోంచి నాలుగు దిక్కులూ కనబడతాయి. బావ దృష్టిలో అది ఇల్లు కాదు, కాజీపేట జంక్షన్ కేబిన్. "లైన్ క్లియరేనా, బామ్మర్దీ?" నేను కళ్లు నులుముకుంటూ బయటికొచ్చి చూసి చెప్పాలి. "సికింద్రాబాద్ దిక్కు ఖాళీ. బల్లార్షా దిక్కు రెండున్నయి, పండుకున్నయి." "పండుకున్నయా, పండుకున్నట్టు చేస్తున్నయా?" "విజయవాడ దిక్కు చికెన్ సెంటర్ కాడ ఐదు." అంతే, లడ్డు గారి విహారం అరగంట లేటు. నాకు మళ్లీ నిద్ర పట్టదు. ఈ ఉద్యోగానికి జీతం లేదు, పెన్షన్ అసలే లేదు.

ఆయన దగ్గరో పుస్తకం కూడా ఉంది. గార్డులు బండి వివరాలు రాసుకునే రఫ్ జర్నల్ లాంటిదే. అందులో మా చుట్టుపక్కల కుక్కలన్నీ వ్యాగన్ల మాదిరి నమోదై ఉన్నాయి: రంగు, తోక, హోదా, చెవి. చెవి ముఖ్యం. కార్పొరేషన్ వాళ్లు పట్టుకుపోయి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి వదిలినదానికి గుర్తుగా చెవి కొస కత్తిరించి ఉంటుంది. "కోసిన చెవిది ఎల్లో సిగ్నల్. నిండు చెవిది రెడ్" అంటాడు. మరి గ్రీన్ ఏది బావా అంటే లడ్డు వంక చూస్తాడు. పుస్తకం వెనక పేజీల్లో ఇంకో పట్టీ ఉంది. ఏ ఇంటి గేటు గొళ్లెం పొద్దున తీసి ఉంటుంది, ఏది తాళం వేసి ఉంటుంది అన్నది. కుక్కలు తరిమితే దూరడానికి. తాళం వేసే ఇళ్లు ఎర్ర సిరాతో ఉంటాయి.

చికెన్ సెంటర్ ముఠాకు నాయకుడు ఒక కర్రె కుక్క. బావ దానికి కర్రెప్ప అని పేరు పెట్టాడు. యుద్ధంలో గెలవలేనని తెలిసి సంధికి దిగాడు. రోజుకో బిస్కెట్ పొట్లం కప్పం. ఈ ఏర్పాటు సాగుతుండగానే సుప్రీంకోర్టు వచ్చి పడింది. 2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధికుక్కల్ని పట్టి షెల్టర్లలో పెట్టమని కోర్టు అంటే, బావ మా ఇంటికి మిఠాయి డబ్బా పట్టుకొచ్చాడు. అదే నెల 22న ముగ్గురు జడ్జీలు కూర్చొని దాన్ని మార్చారు. రేబిస్ ఉన్నవి, మీదపడేవి తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా అయ్యాక పట్టుకున్న చోటే వదలమన్నారు. బావ రెండు రోజులు పేపరు చదవలేదు. నవంబర్‌లో స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కల్ని తీసేయమనేసరికి కొంచెం కోలుకున్నాడు. "స్టేషన్ వరకైతే సేఫ్." ఆయన్ను నిజంగా పీడించింది మాత్రం ఆగస్టు తీర్పులోని ఇంకో ముక్క. వీధుల్లో ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టొద్దు, దానికి వేరే చోట్లు చూపించాలి అన్నది. "అంటే మన కర్రెప్పకు బిస్కెట్ ఏస్తే కోర్టు ధిక్కారమైతదారా?" అని గుసగుసగా అడిగాడు. "మన" కర్రెప్ప! ఎప్పుడు మనదైందో నాకు తెలియదు. ఓ వానాకాలం అది కుంటుతుంటే ఆటోలో పశువుల దవాఖానకు తీసుకుపోయింది ఎవరో కూడా మా అక్కకు ఇప్పటికీ తెలియదు.

ఇన్నాళ్లూ నేను నవ్విన నవ్వులో సగం 2023లోనే ఆగిపోయింది. ఆ ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చంపాయి. మేలో మన కాజీపేటలోనే, ఉత్తరప్రదేశ్ నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చిన కుటుంబం తాలూకు చిన్న పిల్లవాడు అలాగే పోయాడు. బావ పనిచేసిన చోటు అది. ఆ వారమంతా ఆయన లడ్డును బయటికి తీయలేదు, లడ్డు గురించి మాట్లాడలేదు. చుట్టుపక్కల ఇళ్ల పిల్లలు ట్యూషన్‌కు పోయే వేళకు చేతికర్ర పట్టుకొని గల్లీ చివర నిలబడ్డాడు. ఎవరూ అడగలేదు.

ఆయన సిద్ధాంతాలు ఓపిగ్గా వింటే తప్పుబట్టలేం. పెద్ద కుక్కలు వస్తుంటే ఉరకొద్దు, ఉరికినదాన్ని తరమడం వాటి పుట్టుక. చిన్న కుక్కను కింద ఉంచితే దాని మీద పడతాయి, ఎత్తుకుంటే నీ మీదికి ఎగురుతాయి. కాబట్టి ఎత్తి ఊరుకోకుండా గోడకు వీపు ఆనించాలి, లేదా గేటు లోపల ఉండాలి. మెడపట్టీ వాడొద్దు, పట్టీతో లేపితే గొంతు బిగుస్తుంది. ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ అయితే కూరగాయల సంచి లేపినట్టు లేపొచ్చు. కుక్కలు కలబడ్డప్పుడు చేతులు మధ్యలో పెట్టొద్దు. పైన చిన్న పంటిగాటే కనబడినా లోపల కండ నలిగి ఉంటుంది, డాక్టరుకు చూపించాలి. అన్నింటికన్నా మేలైన ఆయుధం బటన్ నొక్కితే విచ్చుకునే గొడుగు. "కర్ర చూపిస్తే కొట్లాట. గొడుగు ఇప్పితే వాటికి నువ్వు కనబడవు. గంతే."

ఈ సిద్ధాంతాలన్నింటికీ పరీక్ష చిత్త కార్తెలో వచ్చింది. ఆ రోజులు కుక్కలకు ఎటువంటివో తెలుగువాళ్లకు విడమర్చక్కర్లేదు. పదిహేను రోజులూ నేను వెంట రావాల్సిందేనని బావ హుకుం. ముందు నేను ఇంజను, వెనక ఆయన గార్డు, మధ్యలో లడ్డు ఒకే ఒక్క వ్యాగన్. వడ్డేపల్లి చెరువు కట్ట దాకా పోయి వస్తూ మా గల్లీ మలుపు తిరిగామో లేదో, కర్రెప్ప ఆధ్వర్యంలో ఆరు కుక్కలు ఎదురొచ్చాయి. నిజం చెప్పాలంటే అవి లడ్డు కోసం రాలేదు. జేబులో పొట్లం చప్పుడు విని కప్పం కోసం వచ్చాయి. తోకలు కూడా ఊపుతున్నాయి. బావ తడబడి లడ్డును ఎత్తుకున్నాడు. అంత ఎత్తుకు చేరేసరికి లడ్డుకు శౌర్యం పుట్టుకొచ్చింది. ఆ ఆరింటి తాతముత్తాతల్ని పేరుపేరునా తిట్టింది. తోకలు ఆగిపోయాయి.

బావ విజిలు నోట్లో పెట్టుకున్నాడు. నోరెండిపోయి ఉత్త గాలి వచ్చింది. "రెడ్ చూపియ్‌రా, రెడ్!" అని నన్నరిచాడు. నా చేతిలో ఏమీ లేదు. నేను అప్పటికే కాస్త వడిగా నడుస్తున్నాను. (ఉరికానని బావ ఊరంతా చెప్తున్నాడు. ఈ వ్యాసం రాయడానికి ఉన్న కారణాల్లో అదొకటి.) ఒకటి ఆయన మోకాలి దాకా ఎగిరింది. అప్పుడు టప్‌మని గొడుగు విచ్చుకుంది. కుక్కలన్నీ ఒక్కసారి వెనక్కి తగ్గాయి. ఆ నల్ల గొడుగును అడ్డం పెట్టుకొని, లడ్డును గుండెకు అదుముకొని, ఒక్కో అడుగు వెనక్కి వేసుకుంటూ, ఒక్కసారి కూడా వీపు చూపకుండా వచ్చాడు మా బావ. జన్మంతా వెనక్కి చూసిన మనిషి ఆ రోజు ముందుకే చూశాడు. నేను తెరిచి పట్టుకున్న గేట్లోకి ఇద్దరం దూరాం. లోపల ఇంటాయన టవల్ కట్టుకొని, నోట్లో బ్రష్‌తో "ఎవలు గావాలె?" అన్నాడు. "ఎవలొద్దు. ఐదు నిమిషాలు హాల్ట్" అన్నాడు బావ.

అప్పుడు కనబడింది రక్తం. ఆయన చేతి మీద నాలుగు గాట్లు. ఆరు కుక్కల్లో ఒక్కటీ కరవలేదు. భయంతో కొట్టుకుంటూ లడ్డే కరిచింది. ఆ ఇంటి పెద్దమ్మ పరుగున కారం డబ్బా తెచ్చింది, గాయంలో అద్దడానికి. "కారం గీరం ఏం వద్దమ్మా, సబ్బు!" అని బావ నల్లా కింద చెయ్యి పెట్టి, గడియారం నా చేతికిచ్చి, పదిహేను నిమిషాలు లెక్కపెట్టమన్నాడు. దాంట్లోనూ రైలు టైమే.

దవాఖానలో నర్సమ్మ అడిగింది, ఏ కుక్క అని. బావ కిటికీలోంచి బయటికి చూశాడు. వీధిదా, పెంపుడుదా అని మళ్లీ అడిగింది. "మనదే" అన్నాను నేను. దానికి టీకాలు వేయించాం కదా అని బావ గొణిగాడు గానీ, గాట్లు చూసి డాక్టరు సూది తప్పదన్నాడు. మా అక్క మాత్రం బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని ఏడుపందుకుంది. ఆ కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు చేతికే, ఆ రోజు ఒకసారి, మళ్లీ మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. ఆ తేదీలు కూడా రఫ్ జర్నల్‌కు ఎక్కాయి. కరిచినవారి పేరు రాయాల్సిన చోట ఖాళీ ఉంది. ఇంటికొచ్చాక లడ్డుకు బిస్కెట్ పెట్టాడు. "నేను ఒక్క మాటంటే పదొద్దులు మూతి ముడుస్తడు. అది కరిస్తే బిస్కెటా?" అంది అక్క. ఈసారి నాకు చెప్తున్నట్టు కూడా అనలేదు, మొహం మీదే అనేసింది.

నేను మారానని చెప్పను. కొత్త గల్లీలోకి పోతే ముందు ఆటోల కింద చూస్తున్నాను, చెవులు చూస్తున్నాను. మొన్న హైదరాబాద్‌లో మా పిల్లలు అడిగారు, ఎండ లేదు, వాన లేదు, చేతిలో గొడుగెందుకని.

మీరు హనుమకొండలో ఉంటే ఒక మనవి. పొద్దున ఐదున్నర నుంచి ఆరున్నర దాకా గేటుకు తాళం వేయకండి, ఉత్త గొళ్లెం పెట్టుకోండి. ఎవరైనా గొడుగుతో, కుక్కతో లోపలికి దూరితే ఎవలు గావాలె అని అడక్కండి, ఐదు నిమిషాల్లో వెళ్లిపోతారు. బావ పుస్తకం నేను చూశాను. మీ ఇల్లు ఇంకా ఎర్ర సిరాలోనే ఉంది.