పేరులోనే ఉంది కదా!

వ్యాపార సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కొత్త సాహిత్య ప్రక్రియ ఒకటి పుట్టింది. పేరు టూల్ డిస్క్రిప్షన్. ఏఐ ఏజెంటు మన అకౌంట్స్ ప్యాకేజీలో పనిచేయాలంటే ఏ టూల్ ఏం చేస్తుందో దానికి మాటల్లో చెప్పాలి. వెనకున్న కోడు దానికి కనబడదు. టూల్ పేరు, వివరణ, నింపాల్సిన గడులు, ఇంతే దాని లోకం. ఈ ప్రక్రియలో వెలువడుతున్న ఆణిముత్యాలు ఇలా ఉంటాయి: ‘క్యాన్సిల్ ఇన్వాయిస్: ఇన్వాయిస్‌ను క్యాన్సిల్ చేస్తుంది.’ క్లుప్తతలో సూత్రకారులు సైతం సిగ్గుపడాలి.

సూత్రకారుడు చెప్పకుండా మింగిన సంగతులు చూద్దాం. టర్నోవరు అయిదు కోట్లు దాటిన వ్యాపారి మరో వ్యాపారికి అమ్మితే 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి. ఈ-ఇన్వాయిస్ పోర్టల్లో ఐఆర్‌ఎన్ (ఇన్వాయిస్ రిఫరెన్స్ నంబరు) వచ్చాక రద్దుకు గడువు 24 గంటలే. ఆ బిల్లు మీద ఈ-వే బిల్లు నడుస్తుంటే ఆ గడువులోనూ కుదరదు. గడువు దాటితే మామూలుగా క్రెడిట్ నోటే గతి. రద్దయిన నంబరుతో మళ్లీ ఐఆర్‌ఎన్ రాదు. ఇవేవీ ఏజెంటుకు చెప్పనక్కర్లేదట, పేరులోనే ఉంది కదా!

బిల్లు వేసిన మూడో రోజు కస్టమరు సరుకు వాపసు పంపాడు. ఏజెంటు బుద్ధిగా క్యాన్సిల్ అంది. పోర్టల్ తిప్పికొట్టింది. వచ్చిన జవాబూ అదే కలం నుంచి జాలువారింది: ‘ఎర్రర్ సంభవించినది.’ ఏజెంటు మళ్లీ ప్రయత్నించింది, ఇంకో దారిలో ప్రయత్నించింది. చివరికి కంపెనీ పుస్తకాల్లో బిల్లును చంపి, పోర్టల్లో బతికుండనిచ్చి, ‘పని పూర్తయింది సార్’ అంది. వెంటనే మీటింగు. తీర్మానం: ఏఐకి భ్రమలెక్కువ. ఆడలేక మద్దెల ఓడు.

గడుల వివరణలు ఇంకా రసవత్తరం. ‘డేట్: తేదీ.’ మనకు 03/04/2025 అంటే ఏప్రిల్ 3, అమెరికా లెక్కలో మార్చి 4. నెల తేడాయేగా అనుకోకండి, మధ్యలో ఆర్థిక సంవత్సరమే మారిపోయింది. ‘అమౌంట్: మొత్తం.’ రూపాయల్లోనా, పైసల్లోనా? దేవుడికెరుక. ‘ఫైండ్ పార్టీ: పార్టీని వెతుకును.’ ఒకే కంపెనీకి విజయవాడలో ఒక జీఎస్టీ రిజిస్ట్రేషను, హైదరాబాదులో ఇంకొకటి ఉంటాయి. జీఎస్టీ నంబరు మొదటి రెండంకెలు 37 అయితే ఆంధ్రప్రదేశ్, 36 అయితే తెలంగాణ. ఈ ముక్క వివరణలో లేదు కాబట్టి ఏజెంటు పైన కనబడ్డ పార్టీనే పట్టుకుంటుంది. రాష్ట్రంలోపలి అమ్మకం కాస్తా రాష్ట్రాంతరమై, సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ పడాల్సిన చోట ఐజీఎస్టీ వచ్చి కూర్చుంటుంది.

ఈ సంగతులు తెలిసినవాళ్లు కంపెనీలో లేరా? ఉన్నారు. సపోర్టు ఫోనెత్తే అమ్మాయికి అన్నీ కంఠతా వచ్చు. ‘సార్, ఒక రోజు దాటిపోయిందండీ, ఇక క్యాన్సిల్ అవ్వదు, క్రెడిట్ నోట్ పెట్టుకోండి’ అని రోజూ చెబుతూనే ఉంటుంది. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాసుకుంటే అంతకు మించిన వివరణ లేదు. కానీ ఆమెను అడిగితే ఇంజినీరింగు పరువేం కాను? అందుకని జీఎస్టీ బిల్లు మొహం ఎన్నడూ చూడని కుర్రాడు శుక్రవారం సాయంత్రం రాసేస్తాడు. అతనికీ తీరిక లేకపోతే కోడు చూపించి ఇంకో ఏఐ చేత రాయిస్తారు. కోడులో లేనిది వివరణలో రావాలి, వివరణేమో కోడులోంచి రావాలి!

‘పొడుగ్గా రాస్తే టోకెన్ల ఖర్చండీ’ అనే పొదుపరులూ ఉన్నారు. ఏఐకి టూల్స్ తగిలించే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేశాక, ఉన్న ఏపీఐలన్నిటినీ మూటగట్టి టూల్స్‌గా గుమ్మరించిందీ వీళ్లే. గెట్ కస్టమర్, ఫెచ్ కస్టమర్, సెర్చ్ కస్టమర్, కస్టమర్ డీటెయిల్స్ టూ. ఏ రెండింటికీ తేడా తెలియని ఈ కవలలన్నీ ఏజెంటు నెత్తిన ఎక్కి కూర్చున్నప్పుడు టోకెన్లు గుర్తుకురావు. అవసరమైన రెండు వాక్యాలు రాయబోతేనే పొదుపు మేలుకుంటుంది.

దెబ్బ తగిలాక రెండో రకం సాహిత్యం మొదలవుతుంది. ‘ముఖ్యం! అతి ముఖ్యం! ఎట్టి పరిస్థితుల్లోనూ తప్పు చేయరాదు!’ దేనికి జాగ్రత్తపడాలో మాత్రం ఎక్కడా ఉండదు. ఈ టూల్ చదివి ఊరుకునేదా, ఉన్నది చెరిపేసేదా అని సూచించడానికి ఆ ప్రోటోకాల్లోనే చోటుంది. అది ఖాళీగా ఉంటుంది.

కొత్త వెర్షనులో అప్‌డేట్ పార్టీకి తోడు ‘అప్‌డేట్ పార్టీ న్యూ’ కూడా వస్తోంది. పాతదాన్ని తీయలేదు, ఎవరైనా వాడుతున్నారేమోనని. రెండింటికీ వివరణ ఒకటే.