శిరస్త్రాణము జారిన వేళ

1957లో చక్ జోన్స్ తీసిన ‘వాట్స్ ఒపేరా, డాక్?’ అను కార్టూను చిత్రమున, బగ్స్ బన్నీ యను కుందేలు బంగారువన్నె జడలు తగిలించుకొని, ఒపేరా నాయిక బ్రూన్‌హిల్డె వేషమున బొద్దుగుఱ్ఱము నెక్కి దయచేయగానే, అంతవఱకు ఆ కుందేటి ప్రాణము తీయుటకు బల్లెము ఝళిపించుచున్న వేటగాడు ఎల్మర్ ఫడ్, వైరమును మఱచి ప్రణయగీత మందుకొనును. శిరస్త్రాణము జారిపడు దాక పాపము, ఆతనికి అనుమానమే తట్టదు. వేటగాని చూపు అంత వాడి!

టెలివిజనులో మగవారి ఇట్టి ఆడవేషములు చూచి పిల్లలు చెడిపోవుదురని వాపోవు పెద్దలు మనలోను కలరు. నాటకరంగమున ఆడవేషము కట్టిన స్థానం నరసింహారావుగారి సత్యభామకు చప్పట్లు చఱచినవారు వీరి తాతలే కాబోలు. అన్నట్లు, 1989లో మొదలైన ‘ది సింప్సన్స్’ కార్టూనులోని తుంటరి కుఱ్ఱడు బార్ట్‌కు గొంతునిచ్చిన నాన్సీ కార్ట్‌రైట్ స్త్రీయే.