బిందెలు తొమ్మిది, బావి ఒకటే

పోయిన ఆదివారం భోజనాలయ్యాక మా బావమరిది ఫోను నా ముందు పెట్టి, "చూడు బావా, ఇక నాకు టెన్షన్ లేదు. రిస్కు మొత్తం చెదరగొట్టేశాను" అన్నాడు. చూశాను. తొమ్మిది ఈటీఎఫ్‌లు. రెండు వేర్వేరు కంపెనీల నిఫ్టీ 50లు, ఒక సెన్సెక్స్, ఒక నిఫ్టీ 100, ఒక బ్యాంక్ నిఫ్టీ, ప్రైవేట్ బ్యాంకులది ఇంకొకటి, ఒక వాల్యూ 20, ఒక లో వోలటిలిటీ 30, చివర్న దిష్టిచుక్కలా కాస్త వెండి. బిందెలు రంగురంగులవే. ఆ వెండి చెంబు తప్పితే అన్నీ ఒకే బావిలో ముంచినవి.

నిఫ్టీ 100 అంటే ఏమిటి? నిఫ్టీ 50కి నెక్స్ట్ 50ని కలిపి కుట్టిన బొంత. సెన్సెక్స్‌లోని 30 కంపెనీల్లో దాదాపు అన్నీ నిఫ్టీలోనూ ఉంటాయి. వాల్యూ 20కి ఆ ఇరవై ఎక్కణ్ణుంచి వస్తాయి? అదే యాభైలోంచి. నిఫ్టీలో మూడో వంతు బరువు ఎటూ బ్యాంకులదీ ఫైనాన్స్ కంపెనీలదీనే. అది చాలదన్నట్టు మావాడు బ్యాంకులవి మరో రెండు తగిలించాడు. తొమ్మిదింట్లో ఆరింటిలో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు ముందు వరసలో కాలు మీద కాలేసుకు కూర్చుంది. శుభలేఖలు ఆరు రకాలుగా అచ్చువేయిస్తే ఆరు పెళ్ళిళ్ళవుతాయా?

"ఆ ఒక్క షేరు పడిన రోజు నీ ఆరు ఫండ్లూ ఎర్రబడతాయిరా" అన్నాను.

"అందుకే కదా బావా, తొమ్మిది పెట్టాను!"

ఈ తెగులుకు మూలం ఆ గుడ్ల సామెత. గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టొద్దని ఇంగ్లిషువాళ్ళు అన్నారు. మనవాళ్ళు దాన్ని బుట్టలమ్మేవాళ్ళకు అనుకూలంగా అర్థం చేసుకున్నారు. మావాడి దగ్గర బుట్టలు తొమ్మిది. గుడ్డు మాత్రం అదే గుడ్డు.

మన దేశంలో మొదటి ఈటీఎఫ్ నిఫ్టీ బీస్. 2001 డిసెంబరులో మొదలై 2002 జనవరిలో లిస్టయింది. ఒక్క యూనిట్ కొంటే యాభై కంపెనీల్లో తలా ఒక ముక్క. ఏ షేరు కొనాలో తెలియని నాలాంటివాడి తలనొప్పి తగ్గించడానికి వచ్చిన వస్తువది. ఇప్పుడు ఈటీఎఫ్‌లు రెండొందలు దాటాయి. ఏ షేరు కొనాలన్న తలనొప్పి పోయి, ఏ ఈటీఎఫ్ కొనాలన్న తలనొప్పి వచ్చింది.

పెట్టుబడిని ఇలా పంచిపెట్టడానికి లెక్క కట్టి చూపినాయన హ్యారీ మార్కోవిట్జ్. 1952లో వ్యాసం రాశాడు, 1990లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు. ఆయన ఎన్ని కొన్నావని అడగలేదు. ఒకటి పడుతున్నప్పుడు రెండోది ఏం చేస్తోందని అడిగాడు. అంత లెక్క రాసిన మనిషి, తన సొంత రిటైర్మెంట్ డబ్బు దగ్గరికి వచ్చేసరికి సగం షేర్లలో, సగం బాండ్లలో పెట్టి ఊరుకున్నానని తర్వాత ఒప్పుకున్నాడు. తర్వాత 'అయ్యో' అనుకోకూడదని అలా చేశాడట. నోబెల్ వచ్చినాయనకు రెండు సరిపోయాయి.

లో వోలటిలిటీ దగ్గరికొచ్చేసరికి మావాడి గొంతులో భక్తి పలికింది. "ఇది ఊగదు బావా." అందులోకి షేర్లను ఎలా ఎంచుతారో చెప్పాను. నిఫ్టీ 100లో గడిచిన ఏడాది తక్కువ ఊగిన ముప్పై షేర్లను ఏరతారు. ఎంత తక్కువ ఊగితే అంత ఎక్కువ బరువు. 'గడిచిన ఏడాది' అన్న మాట గమనించాలి. పోయినేడు అల్లరి చెయ్యని పిల్లలకు ఈ ఏడు బుద్ధిమంతుల బ్యాడ్జీ తగిలించినట్టు. 2020 జనవరిలో 12,362 దగ్గరున్న నిఫ్టీ మార్చి 23కి 7,610కి దిగింది. అంటే సుమారు 38 శాతం పోయింది. ఆ ఒక్కరోజే దాదాపు 13 శాతం. అప్పుడు ఈ బుద్ధిమంతులూ పడ్డారు. కాస్త తక్కువ పడ్డారు, ఆ మర్యాద వాళ్ళకివ్వాలి. కానీ 'తక్కువ ఊగుతుంది' అని రాసి ఉన్నదాన్ని మావాడు 'ఊగదు' అని చదువుకున్నాడు. తొమ్మిదీ భద్రమే అంటాడు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ.

నిజంగా ఊపు తగ్గాలంటే షేర్లకన్నా తక్కువ ఊగేదాన్ని పక్కన పెట్టుకోవాలి. బాండ్ల మాటెత్తాను. "అవి నాన్నగారికి బావా" అన్నాడు. సరే, లెక్క చూద్దాం. లక్ష రూపాయలూ షేర్లలో ఉంటే, ఆ 2020 లాంటి పతనంలో 38 వేలు పోతాయి. 60 వేలు షేర్లలో, 40 వేలు బాండ్లలో ఉండి, బాండ్లు కదలకపోతే పోయేది 23 వేల చిల్లర. ప్రభుత్వ రంగ సంస్థల బాండ్లతో భారత్ బాండ్ ఈటీఎఫ్ 2019 డిసెంబరు నుంచీ ఉంది. దాని వంక మావాడు కన్నెత్తి చూడలేదు.

దానికి బదులు వెండి కొన్నాడు. ఊపు తగ్గడానికి వెండి కొన్న మనిషిని చూడటం నాకిదే మొదలు. 2011లో కిలో 70 వేలు దాటిన వెండి నాలుగేళ్ళలో సగానికి దిగింది. అది ఊపుకు మందు కాదు, ఊయలే. పోనీ కొన్న ముహూర్తమైనా మంచిదా? 2025 అక్టోబరులో బజార్లో వెండి దొరక్క, వెండి ఈటీఎఫ్‌ల ధర లోపలున్న వెండి విలువను దాటి పైకెళ్ళింది. కొన్ని సంస్థలు తమ వెండి ఫండ్లలోకి ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవడం కొన్నాళ్ళు ఆపేశాయి. మావాడు కొన్నది సరిగ్గా ఆ వారమే.

వక్కపొడి నములుతూ ఇదంతా విన్న మా మామగారు, "ఈ గోలంతా ఎందుకయ్యా, నా ప్లాట్లు ఇరవై ఏళ్ళలో ఒక్కరోజు పడలేదు" అన్నారు. పడలేదు, నిజమే, రోజూ పొద్దున్నే వాటి ధర పలికేవాడు లేడు కదా. అమరావతి పక్కన 2015లో ఎకరం కొన్నవాళ్ళను 2019 తర్వాత అడిగి ఉంటే ఊపు సంగతి చెప్పేవాళ్ళు. పెద్దాయన ముందు ఆ మాట అనలేదు.

"రోజుకు ఎన్నిసార్లు చూస్తావురా ఇవి?" అన్నాను మావాడితో.

"తొమ్మిదున్నాయి కదా బావా, తొమ్మిదిసార్లు."

ఇది చదివేవాళ్ళలో మా బావమరుదులు చాలామందే ఉంటారు. ఈ రాత్రి ఒక పని చెయ్యండి. ప్రతి ఫండూ తన దగ్గరున్న షేర్ల జాబితాను బయటపెడుతుంది. ఒక్కొక్కదాంట్లో మొదటి పది పేర్లు కాగితం మీద రాయండి. అవే పేర్లు మూడు ఫండ్లలోనూ వస్తే, ఒకటి ఉంచుకుని మిగతా రెండింటి నుంచి బయటికి రండి. అమ్మేముందు కొన్న తేదీ చూసుకోండి. షేర్ల ఈటీఎఫ్‌ను ఏడాది నిండకుండా అమ్మితే లాభంలో 20 శాతం పన్ను కట్టాలి.