ఎక్స్‌రేలో చేప

జహీరాబాద్ దగ్గరి ఓ పల్లెలో మా వదిన అంగన్‌వాడీ టీచరు. అంగన్‌వాడీ అనగానే జనానికి గుడ్డు, బాలామృతం ప్యాకెట్టు గుర్తొస్తాయి. 1975లో అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైనప్పటి నుంచీ మూడేళ్లు దాటిన పిల్లలకు ఆటపాటలతో చదువు చెప్పడం కూడా అందులో భాగమే. వదినకు ఆ భాగమే ప్రాణం.

రంగులు ఆమె కొనదు. డబ్బా మీద ఏం రాసి ఉన్నా, మూడేళ్లవాడి వేలు ముందు పోయేది నోట్లోకే, కాగితం సంగతి తర్వాత. అందుకని మైదాతో చిక్కటి గంజి కాచి గిన్నెల్లోకి పంచుతుంది. ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో బీట్‌రూట్ రసం, ఇంకోదాంట్లో పాలకూర పసరు. పసుపు గంజిలో చిటికెడు వంటసోడా వేస్తే పిల్లలు చూస్తుండగానే ఎర్రబడుతుంది. సున్నం వేసినా ఎర్రబడుతుంది, పారాణి కలిపే ప్రతి ఇల్లాలికీ తెలిసిందే. కానీ లేత వేళ్లు కాలతాయి, కంట్లో పడితే మరీ ప్రమాదం.

వేళ్లతో రంగులు పులమడాన్ని బడిపాఠంగా మార్చిన అమెరికా టీచరు రూత్ ఫైసన్ షా. రోమ్‌లో ఆమె బడి నడుపుతున్నప్పుడు, తెగిన వేలికి అయొడిన్ రాసుకొమ్మని ఒక పిల్లాణ్ని పంపితే వాడు దాన్ని స్నానాలగది గోడకు పులుముతూ దొరికాడట. 1934లో ఆమె దీనిమీద పుస్తకమే రాసింది. అంటే ఈ ఆట పుట్టిందే మందుసీసాలోంచి. మా వదిన దాన్ని మళ్లీ దవాఖానకు చేర్చింది, అదీ కథ.

కాగితం మీద బొమ్మలు అద్దడానికి కోసే అచ్చులతోనే వచ్చింది చిక్కు. అట్టతో కోస్తే గంజి తడికి మెత్తబడి చేతికొస్తాయి. పాత ఎక్స్‌రే ఫిల్మయితే నానదు, చిరగదు, తుడిస్తే మళ్లీ పనికొస్తుంది. బ్లీచింగు నీళ్లలో వేస్తే నలుపు పోతుంది గానీ వదిన పోనివ్వదు. బొక్కలు కనిపిస్తేనే పిల్లలకు సంబరం. "ఇంట్ల పాత ఫొటువలుంటే పట్టుకరాండ్రి" అని చెప్పింది. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) వాళ్ల పాత పంటల జాతర బండ్లు ఊళ్లు తిరిగే రోజులు కావడంతో ఒక ఫిల్ములో జొన్నకంకి కోసింది, ఒకదాంట్లో ఎద్దు, ఒకదాంట్లో చేప.

ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. రంగు గుడ్డ ఉండతో అద్దాలే గానీ రుద్దకూడదు. రుద్దితే గంజి అచ్చు అంచు కిందికి పాకి చేప కాస్తా బర్రె అవుతుంది. అచ్చులో కన్ను నిలవదు, ఊడి పడుతుంది. అందుకని దాన్ని చివర్లో చిటికెన వేలితో పెట్టాలి. పిల్లలంతా కన్ను దగ్గరే కొట్టుకున్నారు. ఒకడు మాత్రం అచ్చును కిటికీ వెలుగుకు ఎత్తి, "టీచర్, చేప మా తాత బొక్కల నడుమ ఉన్నది" అన్నాడు. అందరం నవ్వాం.

మర్నాడు పొద్దున్నే తాత వచ్చాడు. మనుమడు ఎత్తుకొచ్చింది పాతది కాదు, పోయిన నెల తీయించిన ఛాతీ ఫొటో. ఆ పూటే డాక్టరుకు చూపించాలి.

వదిన మొహం పాలిపోయింది. కడిగి ఆరేసిన ఫిల్ము తెచ్చి ఇచ్చింది. కుడి పక్కటెముకల నడుమ, సరిగ్గా నిమ్ము ఉందన్న చోట, అరచేయంత చేప ఖాళీ. తోక దగ్గర పాలకూర మరక ఇంకా వదల్లేదు.

"కొత్తది తీయిద్దాం తాతా, పైసలు నేనిస్త."

"ఇప్పుడేడ తీస్తరు బిడ్డా, బస్సు వోతది" అంటూ కవరులో దోపుకొని వెళ్లిపోయాడు.

వదినకు ఆ పూట అన్నం సయించలేదు. సాయంత్రం బస్సు దిగి తాత నేరుగా ఆమె ఇంటికే వచ్చాడు.

"ఏమన్నడు తాతా డాక్టరు?"

"ఏమంటడు? ఫొటువను లైటు డబ్బకు వెట్టి సూసిండు. నిమ్ము మొత్తం వోయిందన్నడు. మందులు మంచిగ పనిజేసినయంట, ఇంకో నెల అవే మింగమన్నడు. మూడు వందలు దీస్కున్నడు."

"మరి... ఇంకేమనలె?"

"అన్నడు. పక్కకు పచ్చగ గనవడ్తున్నది, నాటు పసరేమన్న తాగుతున్నవా అని తిట్టిండు."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాత నిమ్మళంగా చంకలోంచి ఇంకో కవరు తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఇది మా ముసల్దాని మోకాలు ఫొటువ. ఎల్లుండి అదే డాక్టరు తానికి వోవాలె. దీంట్ల గూడ ఒక చేపను గోసియ్యి బిడ్డా."