దిగాక దారి చెప్పినందుకు కృతజ్ఞతలు

విదేశాల్లో పండితుల సదస్సు జరిగితే ఆహ్వానం వెంట దారి వివరాల కాగితం ఒకటి వస్తుంది. దాన్ని రాసేవాళ్ల ఓపికకు దండం పెట్టాల్సిందే. హైడెల్‌బర్గ్‌కే పిలిచారనుకోండి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం దిగాక రైల్వే స్టేషన్‌కు ఎటు నడవాలి, మన్‌హైమ్‌లో ఏ రైలు మారాలి, ఊళ్లో ట్రామ్ ఎక్కడ ఎక్కాలి, టికెట్ యంత్రం నోటు మింగుతుందా కార్డే అడుగుతుందా, ఆదివారం ఏ దుకాణం తెరిచి ఉంటుంది, అన్నీ అందులో ఉంటాయి. వాన పడితే గొడుగు తెచ్చుకోమనీ ఉంటుంది. చంటిపిల్లాణ్ణి బడికి పంపే తల్లి కూడా ఇన్ని జాగ్రత్తలు చెప్పదు. ఒక్కటే చిక్కు. ఈ కాగితం ప్రకారం ప్రయాణం మొదలయ్యేది ఫ్రాంక్‌ఫర్ట్‌లో. చదివే మనిషి అప్పటికే అక్కడ దిగి, పెట్టె చేత్తో పట్టుకుని, ఎటు పోవాలా అని చూస్తున్నాడన్నది రాసినవాళ్ల ధీమా. అక్కడిదాకా ఎలా వచ్చాడు అన్న ప్రశ్న వాళ్లకు తట్టదు. తట్టినా అది సదస్సు పరిధిలోకి రాదట.

ఆ కాగితాన్ని రూపనగుడిలో కూర్చుని చదివితే సంగతి ఇంకోలా ఉంటుంది. రూపనగుడి బళ్లారి తాలూకాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో రెండూ. అక్కడి కుర్రాడొకడు హంపి కన్నడ విశ్వవిద్యాలయంలోనో, 2010లో బళ్లారిలో పెట్టిన విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనో పరిశోధన చేస్తున్నాడనుకుందాం. సరిహద్దు పల్లెల్లో రెండు భాషలు ఒకే నోట్లో ఎలా కాపురం చేస్తాయన్నది అతని విషయం. దక్షిణాసియా అధ్యయనాల సదస్సులకు ఇంతకంటే ఇష్టమైన సరుకు లేదు. పత్రం సారాంశం పంపగానే మెచ్చుకుంటూ ఉత్తరం వస్తుంది, అడుగున దారి కాగితం ఉంటుంది. కానీ అతని దారి ట్రామ్ స్టాప్ దగ్గర మొదలు కాదు. రూపనగుడిలో బస్సెక్కి బళ్లారి చేరాలి, రాత్రి హంపి ఎక్స్‌ప్రెస్ పట్టుకుని తెల్లారేసరికి బెంగళూరులో దిగాలి, అక్కడ వీసా దరఖాస్తుల కేంద్రంలో వరుసలో నిలబడి పది వేళ్ల ముద్రలూ ఇచ్చి, మళ్లీ అదే రైల్లో వెనక్కి రావాలి. ఇంత తిరిగినా సదస్సు వైపు అతను ఒక్క కిలోమీటరు కూడా జరిగినట్టు కాదు.

ఆ వరుసలో చేతి సంచిలో ఏముంటుందో కాస్త దగ్గరగా చూడాలి. 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తున్న ఫొటోలు. పళ్లు కనబడితే పనికిరావు. ఆహ్వాన పత్రం. పనిచేసే చోటు నుంచి అభ్యంతరం లేదన్న కాగితం. కాలేజీ అయితే అది ప్రిన్సిపాల్ బల్ల మీంచి పైకి ఎక్కి దిగాలి. బ్యాంకు స్టేట్‌మెంట్లు. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా. హోటలు గది పట్టుకున్నట్టు రుజువు, రానూపోనూ విమానం సీటు పట్టుకున్నట్టు రుజువు. టికెట్టు చూపిస్తే వీసా, వీసా వస్తే టికెట్టు. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్న సామెత ఈ కౌంటరు దగ్గరే పుట్టి ఉండాలి. 2024 జూన్ నుంచి రుసుము 90 యూరోలు. కాదన్నా తిరిగి రాదు. తీర్పుకు మామూలుగా 15 రోజులు, అనుమానం వస్తే 45. ఆ సంవత్సరం భారతీయులు యూరప్ ఉమ్మడి వీసా అయిన షెంగెన్ కోసం 11 లక్షలకు పైగా దరఖాస్తులు పెడితే సుమారు 15 శాతం తిరస్కరించారు. అంటే రాలేకపోయినవాళ్లు కట్టిపోయిన రుసుమే కోటి యూరోలకు పైన. సదస్సువాళ్ల లెక్క ఇంకొకటి. ముందుగా కడితే తగ్గింపు అంటారు, ఆ ‘ముందుగా’ గడువు వీసా తీర్పు కంటే ముందే ముగుస్తుంది. తగ్గింపు కోసం కట్టి వీసా రాకపోతే డబ్బు పోయె. వీసా వచ్చాకే కడదామనుకుంటే తగ్గింపు పోయె. ఏ పక్క చూసినా నష్టపోయేది దూరం నుంచి వచ్చేవాడే. పక్క ఊరి ఆచార్యుడు మాత్రం తగ్గింపు ధరకే రైలెక్కి వస్తాడు.

అమెరికా వాళ్లది మరీ తాపీ. విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో దక్షిణాసియా సదస్సు ఏటా అక్టోబరులో జరుగుతుంది. 2022 చివర్లో మన దేశంలోని కొన్ని అమెరికా కాన్సులేట్లలో మొదటిసారి సందర్శక వీసా అడిగేవాళ్లు ఇంటర్వ్యూ కోసం 900 రోజులకు పైగా ఆగాల్సి వచ్చింది. తొమ్మిది వందల రోజులంటే రెండు సదస్సులు జరిగి మూడోదానికి పిలుపులు పోయే కాలం. ఆలోగా పరిశోధకుడు పట్టా పుచ్చుకుంటాడు, పెళ్లి చేసుకుంటాడు, సిద్ధాంతం మార్చుకున్నా ఆశ్చర్యం లేదు. అతని పేరు మాత్రం పాత కార్యక్రమంలో ‘రాలేదు’ అన్న గుర్తుతో మిగిలిపోతుంది. ఇక ఇంటర్వ్యూకు ఎక్కడికి? 1953 అక్టోబరు 1న బళ్లారి జిల్లాను చీల్చినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్లాయి, రూపనగుడి ఉన్న తాలూకా మైసూరులో చేరింది. అమెరికా వాళ్ల పరిధుల ప్రకారం రాయదుర్గం వాడిది హైదరాబాదు కాన్సులేటు, రూపనగుడి వాడిది చెన్నై. సరిహద్దు ఎక్కడ గీయాలో జుట్లు పట్టుకున్న ఆనాటి పెద్దలు పాపం ఈ కోణం ఊహించి ఉండరు.

వీసా ఇచ్చేది ప్రభుత్వం, విశ్వవిద్యాలయం కాదు కదా, నిర్వాహకులను అంటే ఏం లాభం అంటారు. మొదటి సగం నిజమే. కానీ సదస్సు ఏ దేశంలో పెట్టాలో ప్రభుత్వం చెప్పదు, అది నిర్వాహకుల చేతిలోని పని. అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సు సంగతి చూడండి. హెచ్ఐవీ ఉన్నవాళ్లను రానివ్వబోమని అమెరికా చట్టం పెట్టుకుంది. 1992లో బోస్టన్‌లో జరగాల్సిన సదస్సును నిర్వాహకులు ఆమ్‌స్టర్‌డామ్‌కు మార్చేశారు. 2010లో ఆ నిషేధం ఎత్తేశాకే, 2012లో వాషింగ్టన్‌లో మళ్లీ అడుగుపెట్టారు. ఎవరి గురించి సదస్సో వాళ్లే రాలేని చోట సదస్సేమిటన్నారు, అంతే. అదే సదస్సు 2022లో మాంట్రియల్‌లో జరిగినప్పుడు ఆఫ్రికా ప్రతినిధులు ఎందరికో కెనడా వీసా దొరక్క సభలోనే నిరసనలు రేగాయి. అంటే పాఠం ఒకసారి నేర్చుకుంటే సరిపోదు. కృత్రిమ మేధ పరిశోధకులు కూడా, కెనడా సదస్సుకు ఆఫ్రికన్లకు వీసాలు రాలేదని గొడవ అయ్యాక, ఐసీఎల్‌ఆర్ 2020 సదస్సును అడిస్ అబాబాలో పెడతామని ప్రకటించారు. కోవిడ్ వచ్చి అది ఆన్‌లైన్‌కు మారిందనుకోండి, అది వేరే కథ. గణితం, కంప్యూటర్లు చదివినవాళ్లకు తట్టిన సంగతి, అంచులకు నెట్టబడినవారి గురించి ఏటా పత్రాలు చదివే మానవ శాస్త్రాల పెద్దలకు ఎందుకు తట్టదో అర్థం కాదు.

ఇంకొకరు అంటారు: వచ్చేవాళ్లు చదువుకున్నవాళ్లే కదా, వీసా సంగతి ఎవరికి తెలీదు, అదంతా దారి కాగితంలో రాయాలా? అలాగైతే ట్రామ్ సంగతి కూడా తెలుస్తుంది. చేతిలో ఫోనుంది, ఫోనులో పటం ఉంది, ఏ గుమ్మంలోంచి లోపలికి పోవాలో కూడా అదే చెబుతుంది. పటం చెప్పగలిగింది రాసి, పటం చెప్పలేనిది వదిలేయడం ఏం తర్కం? సారాంశం ఒప్పుకున్న ఉత్తరం ఏ తేదీకి చేతికొస్తుంది, వీసాకు కావలసిన అసలు సంతకం ఉన్న ఆహ్వానం ఎన్నాళ్లకు పంపుతారు, వీసా రాకపోతే కట్టిన డబ్బు వెనక్కిస్తారా, ఈ మూడింటికీ జవాబు నిర్వాహకుల దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. నిజానికి సదస్సుకు దారి తేల్చేది వీటిలో మొదటిది, ఆ ఉత్తరం తేదీయే. షెంగెన్ దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే తీసుకుంటారు. సారాంశాల ఫలితం ఆఖరి రెండు నెలల్లో ప్రకటిస్తే మిగతా నాలుగు నెలల గడువు ఎవరికి ఉపయోగం? పత్రాలు చదివి మార్కులు వేసే ఆచార్యులకు వేసవి సెలవులు అడ్డొచ్చాయి, అంతకు మించిన కారణం వెతకనక్కర్లేదు.

రాలేనివాళ్లకు ఆన్‌లైన్ ఉంది కదా అన్నది అన్నింటికంటే ముద్దొచ్చే సమాధానం. కోవిడ్ రోజుల్లో అందరూ తెరల ముందే కూర్చున్నారు కాబట్టి అప్పుడది సమానమే. యూరప్ దక్షిణాసియా సదస్సు 2021లో వియన్నా పేరుతో జరిగినా, వియన్నా వాళ్లు కూడా తెరలోనే కనబడ్డారు. ఇప్పుడు లెక్క మారింది. సగం మంది గదిలో, సగం మంది గోడమీద. మాడిసన్‌లో మధ్యాహ్నం మూడున్నరకు చర్చ పెడితే రూపనగుడిలో అప్పుడు రాత్రి రెండు. కరెంటు ఉండి, సిగ్నలు అంది, నిద్ర ఆపుకుని పత్రం చదివితే, ప్రశ్నలు రేపు వింటామని లింకు మూసేస్తారు. సదస్సులో అసలు పని గదిలో జరగదన్నది వెళ్లొచ్చిన వాళ్లందరికీ తెలుసు. కాఫీ దగ్గర ఎవరు ఎవరితో నిలబడ్డారన్నదే తర్వాతి సంవత్సరం ఉపకార వేతనమూ పుస్తక ఒప్పందమూ అవుతుంది. కాఫీకి ఇంకా లింకు కనిపెట్టలేదు.

అంతా తెల్లవాళ్ల మీదకే నెట్టేస్తున్నామని ఎవరైనా వేలు చూపిస్తే ఆ వేలు న్యాయమైనదే. మన ఏలినవారు ఈ విద్యలో ఎవరికీ తీసిపోరు. 2018 జూలైలో ఆసియా అధ్యయనాల సంఘం ఢిల్లీలో సదస్సు పెడితే పాకిస్తాన్ పండితులకు చోటు లేదని మన విదేశాంగ శాఖ తేల్చేసింది. భారత్‌లో సదస్సుకు వచ్చే విదేశీయుడికి వేరే కాన్ఫరెన్స్ వీసా ఉంది. కొన్ని దేశాల వాళ్లకైతే హోంశాఖ అనుమతీ కావాలి. 2021 జనవరిలో ఇంకో మెట్టెక్కి, దేశ ‘అంతర్గత విషయాల’ మీద ఆన్‌లైన్ అంతర్జాతీయ సదస్సు పెట్టాలన్నా ముందు అనుమతి తీసుకోమన్నారు. వీసా అక్కర్లేని తెర మీద కూడా వీసా! గోల చేస్తే మరుసటి నెలకే వెనక్కి తీసుకున్నారు. 2010 ఆగస్టులో హైదరాబాదులో ప్రపంచ గణిత మహాసభ జరిగినప్పుడైతే మన మంత్రిత్వ శాఖ మన మనిషినే ఆపింది. విశ్వనాథన్ ఆనంద్‌కు గౌరవ డాక్టరేటు ఇద్దామనుకుంటే, ఈయన భారతీయుడేనా అని ఢిల్లీ కాగితాలడిగింది, పట్టా ప్రదానం ఆగిపోయింది, తర్వాత క్షమాపణలు. ప్రపంచ చదరంగ విజేత సంగతే ఇంత అయినప్పుడు, ఇంటిపేరు ముందు రాయాలా వెనక రాయాలా అని ఫారం ముందు తల గోక్కునే రూపనగుడి కుర్రాడిది ఏం లెక్క? ఇక మన కళాశాలల అంతర్జాతీయ సదస్సుల ఆహ్వానాల్లో ‘సమీప విమానాశ్రయం: బెంగళూరు’ అని అచ్చేస్తాం. బళ్లారికి సమీపమట! మధ్యలో ఒక రాత్రి రైలుందన్న మాట చెప్పడానికి మనకీ నోరు రాదు.

అయితే మనం చేసే తప్పు చూపించి వాళ్ల తప్పును మాఫీ చేయడం కుదరదు. ఇద్దరూ ఒకే పని చేస్తున్నారు: అందరికీ స్వాగతం అని పైన రాస్తారు, కింద మాత్రం అప్పటికే దగ్గర్లో ఉన్నవాళ్లకు దారి చెబుతారు. పంతొమ్మిదో శతాబ్దంలో మారిషస్ చెరకు తోటలకు కూలీలను పట్టుకెళ్లిన ఏజెంట్లు దుర్మార్గులే. అయినా ఊరి గట్టు మీంచి కోరంగి రేవుదాకా, రేవు నుంచి తోటదాకా దారి మొత్తం వాళ్లే చూసుకున్నారు, ఖర్చు కూడా ముందుగా పెట్టుకున్నారు. పనికి పిలిచినప్పుడు పూర్తి దారి, మాటకు పిలిచినప్పుడు సగం దారి.

చోటు మార్చడం అసాధ్యమనేవాళ్లకు తెలుగువాళ్లే ఎప్పుడో జవాబు చెప్పారు. మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు 1975లో హైదరాబాదులో జరిగితే రెండోవి 1981లో కౌలాలంపూర్‌లో, మూడోవి 1990లో మారిషస్‌లో పెట్టారు. ఆ సభల్లో ఉపన్యాసాలెక్కువ, పాండిత్యం తక్కువ అంటే కాదనలేం. చోటు మాత్రం సరిగ్గా ఎంచుకున్నారు. ఇవాళ భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాడు మారిషస్‌కు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు, మలేషియా కూడా 2023 డిసెంబరు నుంచి వీసా లేకుండా రానిస్తోంది. వేళ్ల ముద్రల కోసం హంపి ఎక్స్‌ప్రెస్ ఎక్కనక్కర్లేదు. దక్షిణాసియా సదస్సు యూరప్ దాటి బయట అడుగుపెడితే వేదిక దొరకదేమోనన్న బెంగ ఎవరికైనా ఉంటే, మారిషస్‌లో మోకా అనే ఊళ్లో మహాత్మా గాంధీ సంస్థ ఉంది. తెలుగు కూడా చెబుతారక్కడ.